నమస్కారం పోను మిగిలిన సెకన్లు

ఇబ్బంది గుమ్మడికాయతో మొదలైంది.

రాష్ట్ర విజ్ఞాన చానల్‌లో ఆదివారం ఉదయం 'మాట-లెక్క' అనే పోటీ వస్తుంది. పోటీదారులు ఇద్దరు. ఎవరి ప్రశ్న వారిదే. తెర మీద తొమ్మిది అక్షరాలు వేస్తే వాటిలోంచి వీలైనంత పొడుగు మాట కట్టాలి. లేదంటే ఆరు అంకెలు వేసి ఒక సంఖ్య చెబుతారు. ఆ అంకెల్ని కూడి, తీసి, హెచ్చవేసి, భాగించి ఆ సంఖ్య రాబట్టాలి. గడియారం ముప్పై సెకన్లు తిరుగుతుంది. గంట మోగేలోపు జవాబు నోట్లోంచి బయటికి రావాలి.

మూడో వారం షూటింగుకు సాంస్కృతిక వ్యవహారాల సంయుక్త సంచాలకులు ఒకరు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తెనాలి నుంచి వచ్చిన ఒక గృహిణి, అక్షరాలు పడిన వెంటనే ఆయన వైపు చూస్తూ "గుమ్మడికాయ" అంది. జవాబు సరైనదే. మార్కులు పడ్డాయి. సంయుక్త సంచాలకులు టీ తాగకుండా వెళ్లిపోయారు.

మర్నాడు ఆయన కార్యక్రమ నిర్వాహకుడు నృసింహానికి ఫోన్ చేశారు.

"ప్రభుత్వ వేదిక మీద, ఒక నమస్కారమైనా లేకుండా, నా ముఖం చూసి గుమ్మడికాయ అనడం ఏ సంప్రదాయమండీ?"

"అది జవాబు సార్."

"జవాబు కాదని నేననడం లేదు. జవాబుకు ముందు ఉండవలసినది లేదంటున్నాను."

ఫిర్యాదు చానల్ ప్రోటోకాల్ అధికారి తాడిశెట్టి కోదండపాణి దగ్గరికి వెళ్లింది. ఆయన వారం తిరక్కుండా ఒక సర్క్యులర్ జారీ చేశారు. అందులో ఇలా ఉంది: "వేదికపై గాని, వేదికకు అభిముఖముగా గాని ఆసీనులై యున్న పెద్దలను వారి వారి హోదాల క్రమములో, పేరు, పదవి, తగు విశేషణముతో సహా సంబోధించి, నమస్కరించిన పిమ్మట మాత్రమే పోటీదారులు తమ జవాబును సమర్పించుకొనవలెను. ఒక పెద్దను విస్మరించినచో అయిదు మార్కులు, క్రమము తప్పినచో మూడు మార్కులు కోత విధించబడును."

నృసింహం కాగితం పట్టుకుని కోదండపాణి గదికి వెళ్లారు.

"ఉన్నవి ముప్పై సెకన్లండీ. అందులోనే నమస్కారమూ, జవాబూనా?"

"నమస్కారానికి వ్యవధి లేని విజ్ఞానం ఎందుకు నృసింహం గారూ?"

"పోనీ గడియారాన్ని నిమిషానికి పెంచుదాం."

"దాన్ని ముప్పై సెకన్ల గడియారం అని టెండరు పిలిచి కొన్నాం. అరవై సెకన్లు తిరిగితే అది వేరే గడియారం అవుతుంది. వేరే గడియారానికి వేరే టెండరు."

"మరి ఆడేవాళ్లు ఎట్లా ఆడతారండీ?"

"వినయంగా ఆడతారు," అన్నారు కోదండపాణి.

మొదట్లో ముగ్గురు పెద్దలే వచ్చేవారు కాబట్టి పోటీ సాగింది. తర్వాత పెద్దలు ఒక సంగతి గమనించారు. మామూలు సభలో పేరు ఒకసారి వినిపిస్తుంది. ఇక్కడ ప్రతి ప్రశ్నకూ వినిపిస్తుంది, పోటీదారులిద్దరి నోటా వినిపిస్తుంది, రాష్ట్రమంతా వినిపిస్తుంది. చానల్‌కు సిఫారసు ఉత్తరాలు రావడం మొదలైంది. మత్స్య మండలి ఉపాధ్యక్షులు వచ్చారు. తూనికల శాఖ ప్రాంతీయ సమన్వయకర్త వచ్చారు. రెండు పదవులున్న ఒకాయన వచ్చి, పదవికొక నమస్కారం చొప్పున రెండు రావాలన్నారు. కోదండపాణి నిబంధనలు తిరగేసి, రావలసిందేనని తేల్చారు. ఆయనకు రెండు కుర్చీలు వేశారు.

కుర్చీలు పెరిగేకొద్దీ వేదిక పెరిగింది. పోటీదారుల బల్లల్ని పక్కకు జరిపారు. మరో వారం ఇంకాస్త జరిపారు. చూసేవాళ్లకు ఇప్పుడు పోటీదారుల భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

మాటలు చిక్కిపోయాయి. తొమ్మిది అక్షరాలు పడిన చోట జనం "ఈగ" అని, "ఆవు" అని దిగిపోతున్నారు. అనంతపురం నుంచి వచ్చిన లెక్కల లెక్చరరు పదహారు మందికీ నమస్కారం పూర్తి చేసి, మిగిలిన సెకనులో "ఏ..." అన్నాడు. గంట మోగింది. ఏడా, ఏడు వందలా, ఏమి చెప్పబోయాడా అని న్యాయనిర్ణేతలు ఆయన్నే అడిగారు. ఆయనకు గుర్తు లేదు.

బెజవాడలో రెండు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. 'వేదిక సంబోధన, స్వల్పకాలిక శిక్షణ, హాస్టల్ వసతి కలదు' అని ఆటోల వెనక బోర్డులు తిరిగాయి. లెక్కలు వచ్చినవాళ్లు మొదటి రౌండులో పోతున్నారు. పెళ్లిళ్లలోనూ, ప్రారంభోత్సవాల్లోనూ మైకు పట్టేవాళ్లు గెలుస్తున్నారు. తెలుగువారి సంస్కారం తెర మీద పరిఢవిల్లుతున్నదని చానల్ తన వార్షిక నివేదికలో రాసుకుంది.

ఫైనల్‌కు ఇద్దరు మిగిలారు.

ఒకరు షేక్ మస్తాన్‌వలి. చిలకలూరిపేట. వృత్తి సభావ్యాఖ్యానం. పెళ్లి, షాపు ప్రారంభం, పదవీ విరమణ, ఏదైనా మైకు అతనిదే. ఒక్క గుక్కలో పది మందిని బిరుదులతో సహా పిలవగలడు.

రెండోవారు బొడ్డేపల్లి రాజేశ్వరి. శ్రీకాకుళం జిల్లా దిమ్మిలవలస హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమెకు అంత వేగం లేదు. కాని ఆమె నోరు ఒక పని, బుర్ర ఇంకో పని చెయ్యగలవు. బోర్డు మీద లెక్క రాస్తూనే వెనక బెంచీలో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పడం ఆమెకు ఉద్యోగంలో అలవాటైంది. ఇక్కడ నోటితో నమస్కారాలు చెబుతూ లోపల లెక్క పూర్తిచేస్తూ వచ్చింది.

ఆమె గెలవాలనుకోవడానికి కారణం బహుమతి. గెలిచినవారి ఊరికి ప్రయాణ సౌకర్యాల మండలి ఒక బస్సు సర్వీసు వేస్తుంది. దిమ్మిలవలసకు పూర్వం ఒక బస్సు ఉండేది. ఆదాయం చాలడం లేదని తీసేశారు. ఆ ఊళ్లో చదువు పదో తరగతి వరకే. జూనియర్ కాలేజీ టౌన్లో ఉంది. నిరుడు పది పాసైన ఆడపిల్లల్లో ఇద్దరే కాలేజీలో చేరారు. ఆ ఇద్దరికీ టౌన్లో మేనమామలున్నారు. మిగిలినవాళ్లు జీడిపిక్కలు కొడుతున్నారు. బస్సు కోసం రాజేశ్వరి పెట్టుకున్న అర్జీలన్నిటికీ మండలి నుంచి ఒకే జవాబు వచ్చింది: "ఆదాయ సాధ్యత పరిశీలనలో ఉన్నది."

ఫైనల్‌కు ముఖ్య అతిథి ఆ మండలి చైర్మన్ ముప్పాళ్ల వీరరాఘవయ్యే. ఆయనతో కలిపి వేదిక మీద పందొమ్మిది మంది. పోటీని నేరుగా ప్రసారం చేస్తున్నారు. ఆఖరి ప్రశ్నకు ముందు ఇద్దరి మార్కులూ సమానంగా ఉన్నాయి. విరామం ఇచ్చారు.

విరామంలో ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. వడ్రంగి పిలుపు అందుకుని చెక్కలు తెచ్చాడు. కోదండపాణి కొత్త క్రమం చదివి వినిపించారు.

"ఇరవై ఒకటా!" అన్నాడు మస్తాన్‌వలి. "ఏందండీ ఇది! పెళ్లిలో కూడా ఇంతమందిని ఒక్కసారి పిలవంగదా. బోయినాలకన్నా పంపండి కొంతమందిని."

"పెద్దలను భోజనానికి పంపే అధికారం నాకు లేదు," అన్నారు కోదండపాణి.

మస్తాన్‌వలి రాజేశ్వరి వైపు తిరిగాడు. "టీచరమ్మ గారూ, నిజం చెప్తన్నా. మీరు దణ్ణాలు పెట్టుకుంటా లెక్క చేస్తంటే నాకు భయమేస్తంది. నాకు లెక్క రాదు, గొంతుంది. మీ దగ్గర లెక్కుంది. మనిద్దర్నీ ఒక మనిషిని చేస్తే సరిపోయ్యేది."

"మీకు బస్సెందుకండీ? మీ ఊరు హైవే మీదే కదా?" అంది రాజేశ్వరి.

"మాకు బస్సు దిగితే బస్సేనమ్మా. నాకు కావాల్సింది కప్పు. కప్పుంటే ఫంక్షన్‌కి రేటు పెరుగుద్ది."

రాజేశ్వరి స్టూడియో వెనక వరండాలోకి వచ్చింది. తోడుగా వచ్చిన వదిన గౌరి అక్కడ మెట్ల మీద కూర్చుని ఉంది. గౌరి భర్త రాజేశ్వరికి అన్న.

"ఏటే రాజీ, మొకం అలాగైపోనాదేటి?"

"ఇరవై ఒక్క మందైపోయారు వదినా. అందరికీ దండం పెట్టేసరికి గంట మోగిపోద్ది. లెక్క వచ్చినా చెప్పడానికి సందుండదు."

"మరెందుకే నిలబడ్డం? ఆ దండాల్లోనే బస్సు అడిగీ."

"అడక్కూడదు. అడిగితే అర్జీ అంటారు. అర్జీలు అక్కడ తీసుకోరు."

గౌరి కొంగుతో మెడ తుడుచుకుంది. "అయితే అడక్కు. ఇచ్చీసినారని సెప్పీ."

"ఇవ్వలేదు కదా?"

"మీ అన్న మాత్రం నాకు గాజులు ఇచ్చీసినాడేటి? మీ పెదనాన్న కూతురి పెళ్లిలో పదిమంది ముందు, మా ఆయన గాజులు కొన్నాడు, సాయంత్రం తెస్తన్నాడు అనీసినాను. అందరూ మీ అన్నని మెచ్చుకున్నారు. మరేటి సేస్తాడు? సాయంత్రం తెచ్చినాడు."

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

రాజేశ్వరికి లెక్క పడింది. తెర మీద అంకెలు ఇరవై అయిదు, ఎనిమిది, ఏడు, నాలుగు, మూడు, ఒకటి. రావలసిన సంఖ్య ఆరు వందల నలభై ఏడు. గడియారం తిరిగింది. ఆమె చేతులు జోడించింది.

"ముందుగా మా దిమ్మిలవలసకు బస్సు వేయించి, మా ఆడపిల్లల్ని కాలేజీకి పంపిస్తున్న పెద్దమనసున్న మారాజు, ప్రయాణ సౌకర్యాల మండలి చైర్మన్, గౌరవనీయులు శ్రీ ముప్పాళ్ల వీరరాఘవయ్య గారికి మా ఊరి అమ్మలందరి తరపునా నమస్కారాలు."

స్టూడియోలో ఉన్న జనం చప్పట్లు కొట్టారు. వీరరాఘవయ్య లేచారు. చేతులు జోడించారు. కెమెరా వైపు తిరిగి ఇంకోసారి జోడించారు. కూర్చున్నాక, పక్కనున్న మత్స్య మండలి ఉపాధ్యక్షుల వైపు వంగి, "ఏ ఊరంది?" అన్నారు. ఆయన మైకు తెరిచే ఉంది.

రాజేశ్వరి మిగతా పేర్లు అందుకుంది. పద్నాలుగో పెద్ద దగ్గర గంట మోగింది. జవాబు లేదు. ఏడుగురు పెద్దలు మిగిలిపోయారు. ముప్పై అయిదు మార్కులు కోసేశారు.

మస్తాన్‌వలి వంతు వచ్చింది. ఇప్పుడు అతను జవాబు చెప్పనక్కర్లేదు. ఇరవై ఒక్క మందిని, మామూలుగా, పేరూ పదవీ చెప్పి పిలిస్తే చాలు. కప్పు అతనిదే. చెయ్యగలడు కూడా.

గడియారం తిరిగింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"దిమ్మిలవలస గ్రామానికి బస్సు సౌకర్యం కల్పించి, అక్కడి ఆడబిడ్డల చదువులకు దారి చూపిన దార్శనికులు, దీనజన బాంధవులు, మండలి చైర్మన్, గౌరవనీయులు శ్రీ ముప్పాళ్ల వీరరాఘవయ్య గారికి, ఒక్కసారి గట్టిగా చప్పట్లతో..."

జనం చప్పట్లు కొట్టారు. వీరరాఘవయ్య మళ్లీ లేచి చేతులు జోడించారు. రెండో పెద్ద కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. ఆయనకూ అంత పొడుగు బిరుదు పడింది. మూడో ఆయనకూ పడింది. పద్నాలుగో పెద్ద దగ్గర గంట మోగింది. ఏడుగురు పెద్దలు, ముప్పై అయిదు మార్కులు.

పోటీ సమానంగా ముగిసింది.

"మీరు గెలిచేవారు కదండీ?" అంది రాజేశ్వరి, వేదిక దిగాక.

"గెలిచేవాణ్ణే," అన్నాడు మస్తాన్‌వలి. "అయితే ఒకళ్లు మైకులో ఒక బిరుదు అన్నాక, తరవాత మైకు పట్టినోడు దాన్ని తగ్గించకూడదమ్మా. తగ్గించాడంటే ఆ పెద్దమనిషి ఉన్న సభకి మళ్లీ పిలవరు. ఒకళ్లకి పొడుగు బిరుదిచ్చి పక్కాయనకి పొట్టిది ఇవ్వకూడదు. ఇరవై ఏళ్ల అలవాటు. నోరు నా మాట వినలా. అది సరే, మీకు లెక్క తేలిందా?"

"ఎనిమిదీ నాలుగూ హెచ్చవేస్తే ముప్పై రెండు. ఏడు తీసి ఒకటి కలిపితే ఇరవై ఆరు. ఇరవై అయిదుతో హెచ్చవేసి మూడు తీసెయ్యాలి. మూడో పెద్దాయన దగ్గరే తేలిపోయింది."

"అమ్మ బాబోయ్," అన్నాడు మస్తాన్‌వలి.

బహుమతి ఎవరిదన్న విషయం మీద ముగ్గురితో సంఘం వేశారు. ఇద్దరూ సమానమే కనుక ఒకే బస్సును దిమ్మిలవలసలో ఒక పక్షం, చిలకలూరిపేటలో ఒక పక్షం నడపడంలో సాధ్యాసాధ్యాలను ఆ సంఘం ఇప్పటికీ పరిశీలిస్తున్నది.

చైర్మన్ గారి ఇబ్బంది వేరు. సోమవారం పొద్దుటికల్లా ఆయన చేతులు జోడించిన వీడియో ఫోన్లలో తిరిగింది. దిమ్మిలవలస చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం దండలు తీసుకుని కృతజ్ఞతలు చెప్పడానికి మండలి కార్యాలయానికి రావడం మొదలైంది. వాళ్లంతా ఆ బస్సు తమ ఊరి మీదుగా పోతుందా అని అడుగుతున్నారు. ఆయన కోదండపాణికి ఫోన్ చేశారు.

"నేను ఏ బస్సూ వెయ్యలేదు కదయ్యా! ఆ టీచరమ్మ అన్నది తప్పని మీ చానల్లో ఒక ప్రకటన ఇవ్వండి."

"చిత్తం. కాని తమరు చేతులు జోడించారు."

"అది అలవాటు."

"మూడుసార్లు జోడించారు. అది అలవాటు అని నేను రాయడానికి అభ్యంతరం లేదు. అట్లా రాస్తే, తమరు ఇంతవరకు చేతులు జోడించి స్వీకరించిన బిరుదులన్నీ అలవాటు కిందికే వస్తాయి. నిరుడు తమరు స్వీకరించిన 'అపర భగీరథ'తో సహా."

"అయితే ఏమంటారు?"

"పెద్దలు స్వీకరించిన నమస్కారంలో అవాస్తవం ఉండటానికి వీల్లేదు. నమస్కారాన్ని దిద్దడం కుదరదు. వాస్తవాన్ని దిద్దుకోవలసి ఉంటుంది."

ఆ వారమే మండలి నుంచి ఉత్తర్వు వెలువడింది. "దిమ్మిలవలసకు ఇప్పటికే నడుచుచున్నట్లుగా భావింపబడుచున్న సర్వీసును వాస్తవముగా నడుపుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది" అని అందులో ఉంది.

తర్వాతి ఆదివారం 'మాట-లెక్క' వేదిక మీద నృసింహం ఒక్కరే కూర్చున్నారు. మత్స్య మండలి ఉపాధ్యక్షులు ఫోన్ చేసి, తనకు ఏ బిరుదు ఇవ్వబోతున్నారో ముందుగా రాతపూర్వకంగా పంపితే వస్తానన్నారు. రెండు పదవులాయన, తనకు ఏదో ఒక పదవిలో జలుబు చేసిందని చెప్పమన్నారు. ఆ రోజు ఒక పోటీదారు ఏడక్షరాల మాట కట్టాడు.

దిమ్మిలవలసలో బస్సు ప్రారంభోత్సవం పెట్టారు. హైస్కూలు ముందు టెంటు వేశారు. బస్సుకు అరటి పిలకలు కట్టారు. చైర్మన్ మనసుకు మస్తాన్‌వలి గొంతు పట్టింది కాబట్టి వ్యాఖ్యానానికి అతన్ని పేట నుంచి రప్పించారు. పది పాసైన ఆడపిల్లలు సంచులతో వచ్చి బస్సు పక్కన నిలబడ్డారు.

గౌరి కండక్టరును అడిగింది. "బాబూ, సాయంత్రం ఎన్నింటికొస్తాదేటి తిరిగి?"

"సాయంత్రం ఏటమ్మా? ఆర్డర్లో పొద్దున ఎల్లడమే ఉంది. రావడం లేదు."

"మరి పిల్లలెలాగ వస్తారు?"

"అది ఆర్డర్లో లేదు."

గౌరి టెంటు దగ్గరికి నడిచి, ముందు వరసలో ఉన్న రాజేశ్వరి చెవిలో సంగతి చెప్పింది. వేదిక మీద మస్తాన్‌వలి మైకులో అంటున్నాడు, "ఇప్పుడు ఈ శుభ సందర్భానికి కారకులైన టీచరమ్మ గారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాం."

రాజేశ్వరి వెళ్లి మైకు అందుకుంది. ఇక్కడ గడియారం లేదు.

"పొద్దున తీసుకెళ్లిన పిల్లల్ని సాయంత్రం చీకటి పడకుండా తిరిగి ఇంటికి చేర్చేలా, రెండు పూటలా బస్సు నడిపిస్తున్న తండ్రిలాంటి మనిషి, చైర్మన్ వీరరాఘవయ్య గారికి నమస్కారాలు."

వీరరాఘవయ్య చేతులు పైకి లేవబోయి ఆగాయి. ఆయన వాటిని కుర్చీ చేతుల మీద పెట్టి గట్టిగా పట్టుకున్నారు. జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఆయన కదల్లేదు. ఆడపిల్లలు కూడా సంచులు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. ఆయన టెంటు పైకప్పు వైపు చూశారు.

మస్తాన్‌వలి మైకు అందుకున్నాడు.

"రెండు పూటలా బస్సు నడిపించి, ఆడబిడ్డలను క్షేమంగా ఇల్లు చేరుస్తున్న తండ్రిలాంటి మహనీయులు, ఉభయ సంధ్యా రథసారథి, శ్రీ వీరరాఘవయ్య గారిని ఇప్పుడు గ్రామ మహిళలు శాలువాతో సత్కరిస్తారు."

గౌరి శాలువా పట్టుకుని ముందుకు వచ్చింది. శాలువా కప్పించుకోవాలంటే లేవాలి. చైర్మన్ లేచారు. శాలువా భుజాల మీద పడింది. ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు. చైర్మన్ గారి రెండు చేతులూ వాటంతట అవే వచ్చి ఛాతీ దగ్గర కలుసుకున్నాయి.

బస్సు తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు లోపలికి తల పెట్టి, "ఒరే, సాయంత్రం కూడా రావాలంట్రా," అన్నాడు డ్రైవరుతో.